దస్తఖత్తుకు ముందు ఒక్క మాట
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పంతుళ్లం. తెలుగులో ప్రసంగమంటే కొంచెం జంకే. తప్పులుంటే మన్నించగోరుతున్నాం.

కొన్నేళ్ల క్రితం బస్టాండు దగ్గర గొడుగు కింద సిమ్ కార్డులు అమ్ముతుంటే మేమూ ఆగాం. ఆధార్ నంబరు చెప్పాం, మిషను మీద వేలు పెట్టాం. "వేలు సరిగా పడలేదు సార్, ఇంకోసారి" అన్నాడు కుర్రవాడు. మళ్లీ పెట్టాం. చాక్‌పీసు పట్టిన వేళ్లు కదా, అరిగిపోయాయేమో అనుకున్నాం! నాలుగు నెలలకు పోలీసు వారి నుంచి కబురు. మేమెన్నడూ చూడని నంబరు మా పేర ఉన్నదట, దానితో ఎవరినో మోసగించారట. రెండోసారి పెట్టిన వేలికి రెండో సిమ్ పుట్టింది. స్టేషను బెంచీ మీద కూర్చుంటే, అటుగా పోతూ మా పాత శిష్యుడొకడు సలాం చేశాడు. ఆ పూట పడిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

మన వేలు మనం పెట్టకపోయినా ఆపద రావచ్చు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి వేల సిమ్‌లు తీసినట్లు బయటపడింది. ఆధార్ సంస్థ వారు వేలిముద్రలకు తాళం వేసుకునే వీలు కల్పించారు. అవసరమైనప్పుడు మనమే తీసుకోవచ్చు. అంగళ్లలో ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ ప్రతి ఇవ్వండి. దాని మీద ఎందుకిచ్చామో, తేదీతో అడ్డంగా రాయండి. ఆధార్ ఇవ్వకుంటే సిమ్ లేదని గద్దిస్తే జంకకండి. 2018 సెప్టెంబరు 26న సుప్రీం కోర్టు ఆ బలవంతాన్ని కొట్టేసింది. వేరే గుర్తింపు కార్డు చూపవచ్చు.

బట్టల కొట్టులో బిల్లుకు ఆడపిల్లల ఫోను నంబరు అడిగితే టకటకా చెప్పేస్తాం. నంబరు కోసం పట్టుబట్టవద్దని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ వారే దుకాణాలకు చెప్పారు. "నంబరు ఇవ్వం, బిల్లు ఇవ్వు నాయనా" అంటే చాలు.

టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో మన పేర ఎన్ని నంబర్లున్నాయో కనబడుతుంది. మనది కానిదాన్ని అక్కడే తెలుపవచ్చు. భోజనాలయ్యాక మా పదో తరగతి పిల్లలు వరండాలో కూర్చుని చూపిస్తారు. ఫోన్లు తీసుకురండి. వచ్చే ఓటీపీ మాత్రం మీరే కొట్టండి, మా పిల్లలకు కూడా చెప్పకండి.