బెన్యామిన్ నవలలు, మధ్యలో చలం

మలయాళ రచయిత బెన్యామిన్ 1992 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు బహ్రెయిన్‌లో ఉద్యోగం చేశారు. ఆయన ‘ఆడుజీవితం’ 2008లో వచ్చింది. సౌదీ ఎడారిలో, మేకల దొడ్డిలో చిక్కుకుపోయిన నజీబ్ కథ అది. నిజంగా ఒక మనిషి చెప్పుకున్న బాధలోంచి పుట్టింది. అందులో నన్ను కుదిపేసింది ఆకలిదప్పులు కాదు, పలకరించే మనిషి లేకపోవడం. మేకలకు తన ఊరివాళ్ల పేర్లు పెట్టుకుంటాడతను. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కి వచ్చినవాళ్లు ఆ పేజీల దగ్గర కాసేపు ఆగుతారు. దేవుడికి మొరపెట్టుకునే ఘట్టాలు మాత్రం కాస్త కుదించాల్సింది. భక్తులు కోప్పడకండి!

‘జాస్మిన్ డేస్’ పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లిన ఆయన మరో నవలకు 2018లో మొట్టమొదటి జేసీబీ సాహిత్య బహుమతి వచ్చింది. పేరు చెప్పని ఓ అరబ్బు నగరం, వీధుల్లో నిరసనలు. కథ చెప్పే సమీరా రేడియో జాకీ. తండ్రి పోలీసు శాఖలో, స్నేహితుడు అలీ తిరగబడ్డవాళ్లలో. ఎవరి పక్షమో తేల్చుకోలేని ఆ పిల్ల తికమకే నవలకు ప్రాణం. రెండింటిలో నా ఓటు దీనికే.

ఈ రెండు నవలల మధ్యలో చలం ‘మ్యూజింగ్స్’ కూడా తిరగేశాను. వరసగా చదివితే విసుగే. ఎక్కడో ఒకచోట తెరిస్తే మాత్రం, ఆయనతో గట్టిగా పోట్లాడాలనిపిస్తుంది.