తిట్టినోడు రాకుండా క్షమాపణ ఎవరికిద్దాం?

(గుడ్ ఫ్రైడే సాయంత్రం పేట యువకులు జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవ్వాళ మధ్యాహ్నం గుడిలో సిలువ మీది ఏడు మాటల్ని ఏడుగురం చెప్పాం. నాకు మొదటి మాట ఇచ్చారు. తనని కొట్టినోళ్ళను, ఎగతాళి చేసినోళ్ళను క్షమించమని ఏసు తండ్రిని వేడుకున్న మాట. ఏటా చెప్పుకుంటాం, ఏటా కంటతడి పెట్టుకుంటాం. గుడిలో పది నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను.

మా నాయన సంఘ పెద్ద. నాకు పదకొండేళ్ళప్పుడు, తెల్లపంచె కట్టుకుని, బైబిలు సంచి తగిలించుకుని ఊళ్ళోంచి సైకిల్ మీద పోతున్నాడు. నేను వెనకాల క్యారియరు మీదున్నా. రచ్చబండ కాడ ఒక పెద్దరైతు ఆపాడు. దిగమన్నాడు. కులం పేరు పెట్టి తిట్టి, పంచె మోకాళ్ళ పైకి కట్టుకోమన్నాడు. నాయన దిగాడు. పంచె ఎగ్గట్టాడు. పేట చేరేదాకా సైకిల్ తోసుకుంటూనే వచ్చాడు. ఇంటికొచ్చి "క్షమించేశాను రా, ప్రభువు చూసుకుంటాడు" అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలా. క్షమించినోడు అన్నం ఎందుకు తినలేదు?

తిరగబడే దారి ఉండి కూడా వదిలిపెడితే అది క్షమ. తెల్లారితే కూలికి పోవాల్సింది ఆ రైతు చేలోకే అయినప్పుడు వదిలిపెట్టడానికి మన చేతిలో ఏముంది? నాయన్ని నేను తప్పు పట్టను. బతకాలి గనక భయానికి క్షమ అని పేరు పెట్టుకున్నాడు. కానీ ఆ పేరు పెట్టుకోమని మనకి నేర్పినోళ్ళను మాత్రం అడగాలి.

చెంప తిప్పమన్న వాక్యం మనకి కంఠతా వచ్చు. అదే ఏసుని ప్రధాన యాజకుడి ముందు ఒక బంట్రోతు చెంప మీద కొడితే ఆయనేం చేశాడు? యోహాను 18వ అధ్యాయం తీయండి. రెండో చెంప తిప్పలేదు. నేను తప్పు మాట్లాడితే రుజువు చెయ్యి, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు. అలా నిలదీసినోడే సిలువ మీద క్షమించమని వేడుకున్నాడు. ఫిలిప్పీలో పౌలునూ సీలనూ విచారణ లేకుండా నలుగురిలో బెత్తాలతో కొట్టించి, తెల్లారాక గుట్టుగా వెళ్ళిపొమ్మన్నారు. పౌలు కదల్లేదు. కొట్టించిన అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు. వాళ్ళొచ్చి బతిమాలుకున్నాకే కదిలాడు. లూకా 17లోనైతే తప్పు చేసినోణ్ణి ముందు గద్దించమన్నాడు, మారితే క్షమించమన్నాడు. ఆ గద్దింపు మన ప్రసంగాల్లోంచి ఎట్టా జారిపోయిందో!

పోయిన నెల కుళాయి కాడ మన పిల్లని కులం పేరుతో తిట్టిన సంగతి మీకందరికీ తెలుసు. రాజీ మన గుడి వరండాలోనే పెట్టారు. "మీరు క్రైస్తవులు గదా, క్షమించాలి" అని మనకి బైబిలు చెప్పింది ఎవరు? ఏనాడూ గుడి మెట్టెక్కనోళ్ళు. మన పెద్దలూ తలూపారు. ఇంతకీ తిట్టినోడు రానే లేదు, వాడి మేనమామ వచ్చాడు. రానోడికి క్షమాపణ ఎట్టా ఇస్తాం, పోస్టులో పంపిస్తామా?

కేసు పెడదామంటే అక్కడింకో తిరకాసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుల్ని మాత్రమే షెడ్యూల్డ్ కులాలుగా లెక్కేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. తనని కులం పేరుతో తిట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసుని, మతం మారాక అట్రాసిటీ చట్టం వర్తించదంటూ మన హైకోర్టు 2025లో కొట్టేసింది. తిట్టేటప్పుడు మనకి కులం ఉంటది, స్టేషనుకి పోయేసరికి పోతది.

ఇక చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలై, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా పోయింది. చనిపోయినోళ్ళలో ఇస్సాకు ఉన్నాడు, ఇమ్మానుయేలు ఉన్నాడు. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు శిక్ష పడ్డ అందర్నీ వదిలేసింది. ఆ తల్లుల దగ్గరికి పోయి క్షమించమని చెప్పే నోరు నాకు లేదు. చెప్పేవాళ్ళుంటే వాళ్ళ ధైర్యానికో దండం.

మన పిల్ల విషయంలో నేను పెద్దల్ని కోరేదొకటే. ఆ రాజీ కాగితం మీద ఇంకా వేలిముద్రలు పడలేదు, వెయ్యొద్దు. ఆ తిట్టినోడే కుళాయి కాడికి రావాలి. ఏ నలుగురి ముందు తిట్టాడో ఆ నలుగురి ముందే మాట్లాడాలి. ఆ తర్వాత క్షమించాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం. సంఘం ఇష్టం కాదు, నా ఇష్టమూ కాదు.

నాయన సంగతి ఇంకొంచెం ఉంది. చాలా ఏళ్ళకి ఆ పెద్దరైతు మంచాన పడ్డాడు. డాక్టర్లు లాభం లేదన్నాక, ప్రార్థన చెయ్యడానికి రమ్మని నాయనకే కబురంపాడు. నాయన వెళ్ళాడు, పంచె పాదాల దాకా కట్టుకునే వెళ్ళాడు. మోకరించే ముందు అడిగాడంట, "ఆ రోజు నన్ను సైకిల్ దిగమన్నావు, గుర్తుందా?" అని. "గుర్తులేదబ్బా" అన్నాడంట ఆయన. "నాకుంది" అని చెప్పి, అప్పుడు ప్రార్థన చేశాడు. వచ్చేటప్పుడు రచ్చబండ కాడ సైకిల్ దిగలేదు. ఇంటికొచ్చి అమ్మని అన్నం పెట్టమన్నాడు.