వ్యసన చికిత్స బందరులోనే అందాలి
(ప్రసంగ పాఠం)



మద్యం హరాం అన్న విషయంలో మనలో భేదాభిప్రాయం లేదు. అయినా బందరులో, గుడివాడలో, దివిసీమలో తాగుడుకు బానిసలైన భర్తలు, కొడుకులు మన ఇళ్లలోనూ ఉన్నారు. పరువు పోతుందని వారిని దాచిపెడతాము. కాలేయం చెడిన తరువాతగాని ఆస్పత్రి గుర్తుకు రాదు.

మద్యం తాగి శిక్ష పొందిన ఒక వ్యక్తిని మరొకరు శపించినప్పుడు దైవప్రవక్త (స) వారించారు. అతనిలో అల్లాహ్‌పై, ప్రవక్తపై ప్రేమ ఉందని గుర్తు చేశారు. తప్పును తప్పంటూనే మనిషిని వదులుకోని ఆ వైఖరే మనకు ఆదర్శం.

ఏడాదంతా తాగేవారిలో కొందరు రంజాన్ నెలవంక కనిపించగానే ఒక్కసారిగా మానేస్తారు. సంకల్పం మంచిదే. కాని ఏళ్ల తరబడి రోజూ అతిగా తాగినవారు హఠాత్తుగా మానేస్తే, కొద్ది రోజుల్లోనే చేతుల వణుకు, నిద్రలేమి, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణాపాయమూ కలగవచ్చు. గాలి సోకిందనుకుని తాయెత్తుల కోసం తిరిగితే విలువైన సమయం పోతుంది. అందువల్ల షాబాన్ నెలలోనే వైద్యుని సంప్రదించాలి.

ఆ వైద్యుడు అందుబాటులో ఉండాలి కదా! 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరే.

మన నిమ్మకూరు బిడ్డ ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది సడలిపోయింది. దుకాణం మూసినా తెరిచినా బానిసైనవాడి రోగం అతనితోనే ఉంటుంది. దుకాణాల గురించి జరిగినంత చర్చ చికిత్స గురించి కూడా జరగాలి.

చట్టం మన పక్షాన ఉంది. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులనూ మానసిక అనారోగ్యంగానే గుర్తించింది. మత వివక్ష లేకుండా ప్రభుత్వ వైద్యం పొందే హక్కునిచ్చింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలన్నది. గొలుసులతో కట్టివేయడాన్ని నిషేధించింది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లింది. 2023లో బందరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కనుక కృష్ణా జిల్లా వాసులకు వ్యసన చికిత్స ఇక్కడే పూర్తిగా అందాలని మేము కోరుతున్నాము.

మొదటిది: బందరు ప్రభుత్వ ఆస్పత్రిలో మద్యం, మాదకద్రవ్యాల బాధితులకు తగినన్ని పడకలు, మహిళలకు ప్రత్యేక ఏర్పాటు ఉండాలి.

రెండవది: గుడివాడ, అవనిగడ్డ ఆస్పత్రులలో వారానికొక నిర్ణీత దినాన మానసిక వైద్యుడు ఉండాలి. నాగాయలంక మత్స్యకారుడు, కోడూరు కూలీ ఒక రోజు కూలి పోగొట్టుకుని దూరం వెళ్లే అవసరం ఉండరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చిన నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ మాత్రలు అక్కడ ఉచితంగా దొరకాలి.

మూడవది: ఉర్దూలోనూ మాట్లాడగల కౌన్సెలర్లను నియమించాలి. ఇంటి గుట్టు పరాయి భాషలో విప్పడం మన తల్లులకు కష్టం.

నాల్గవది: గంజాయి సేవనం, లేదా స్వల్ప పరిమాణం కేసులో చిక్కి, స్వచ్ఛందంగా చికిత్సకు సిద్ధపడే యువకునికి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తోంది. ఈ సంగతిని పోలీసులే కుటుంబాలకు తెలియజేయాలి.

మన వంతు పనీ ఉంది. మస్జిద్ కమిటీలు జుమా నాడు 14446 హెల్ప్‌లైన్ నంబరును ప్రకటించాలి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఈ నాలుగు కోర్కెలతో అర్జీలు వెళ్లాలి. తాగుడు కులమతాలను చూడదు; కనుక పొరుగు హిందూ, క్రైస్తవ సోదరుల సంతకాలూ వాటిపై ఉండాలి. వచ్చే షాబాన్ నాటికి మన ఇంటి రోగికి బందరులోనే ఒక పడక సిద్ధంగా ఉండేలా అందరం కలిసి శ్రమిద్దాం.