"నైస్" అను విశేషణము

(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



మన పిల్లలు దినమునకు పదిమార్లు పలుకు ఆంగ్ల విశేషణమొకటి కలదు. అది "నైస్". దాని పుట్టుపూర్వోత్తరములు కొంచెము విన్నవించెదను.

దీనికి మూలము లాటిన్ భాషలోని "నెస్కియుస్". ఏమియు నెరుగనివాడని అర్థము. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతమున ఆంగ్లమును చేరినపుడు అది తెలివితక్కువవానిని ఆక్షేపించు మాట. పిదప పట్టింపు కలవాడనియు, సూక్ష్మమైనదనియు అర్థము మారుచు, 18వ శతాబ్దమున మనోహరమను భావము పొందినది. 1817 చివర వెలువడిన "నార్తాంగర్ ఆబీ" నవలలో జేన్ ఆస్టెన్, అన్నింటికిని ఈ ఒక్క మాటనే వాడువారిని ఒక పాత్రచే పరిహసింపజేసినది.

మాటలు పైకెక్కినట్లే దిగజారుటయు కలదు. మన "కంపు" పూర్వకావ్యములలో సువాసన, నేడు దుర్గంధము. కన్నడమున నేటికిని అది పరిమళమే. తమిళములోని "నాట్రం" కథయు మన "కంపు" కథ వంటిదే. పలుకువారి వాడుకను బట్టి మాటకు గౌరవము హెచ్చును, తగ్గును.

పిండిని నైసుగా రుబ్బుమందుము. నైసుగా మాటలాడి పని నెరవేర్చుకొనెనందుము. ఇట్లు కలిసిపోయిన మాటతో నాకు పేచీ లేదు. కాని చారు నైస్, చీర నైస్, గాలి నైస్, మనిషి నైస్ అనునపుడు కమ్మని, మెత్తని, చల్లని, మంచి యను నాలుగు మాటలు ఆ బిడ్డ నోట లేకుండ పోవుచున్నవి.

1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. తమిళము మనలను ఆదరించిన నేల భాష. దానిని పిల్లలు చక్కగా నేర్వవలెను. ఆంగ్లమును నేర్వవలెను. తెలుగు వ్యాకరణము బడిలో మేము చెప్పగలము. చారు కమ్మదనము వంటయింటనే తెలియవలెను.

మన తుడియలూరు ఇండ్ల తెలుగులో తమిళము కలిసినదని, అది బడి తెలుగు వంటిది కాదని, కొందరు తల్లులు బిడ్డలతో పలుకుటకు సంకోచింతురు. అమ్మలారా, సంకోచింపకుడు. మూఢుని తిట్టిన మాటనే ఆంగ్లేయులు ఆదరముతో వాడి మెప్పు మాటగా చేసికొనిరి. మన యింటి మాటను మనమే చిన్నచూపు చూచినచో బిడ్డలును అట్లే చూతురు. నేటి రాత్రి మీ బిడ్డ భోజనము నైస్ అన్నచో, "కమ్మగా ఉన్నదా, పుల్లగా ఉన్నదా?" అని అడుగుడు. ఆ జవాబు తెలుగులో వచ్చును.