లెక్క చెప్పవలసిన సంపద

(చిత్తూరు నాగయ్య వర్ధంతి సందర్భంగా డిసెంబరు 30న న్యాల్‌కల్‌లో చేసిన స్మారకోపన్యాసం)



చిత్తూరు నాగయ్యకూ మన న్యాల్‌కల్‌కూ ఏం సంబంధమని ఈ సభ మాట విన్నవాళ్లు అడిగారు. ఆయన 1904లో రేపల్లెలో పుట్టాడు. చిత్తూరు నాటకాలతో పేరు తెచ్చుకున్నాడు. 1973లో ఇదే రోజు మద్రాసులో కన్నుమూశాడు. ఈ ప్రాంతంతో ఆయనకు చుట్టరికం ఏమీ లేదు. కానీ నాగలి పట్టి బతుకుతూ రాజుగారి సత్కారం వద్దన్న బమ్మెర పోతనను మన తాతలకు తెర మీద చూపించింది ఆయనే. వాహినీ వారు తీసిన ‘భక్త పోతన’ అది, కె.వి. రెడ్డిగారికి దర్శకుడిగా మొదటి చిత్రం, 1943లో విడుదలైంది. రైతుల ఊళ్లో నాగయ్యను తలుచుకోవడానికి నాకు ఆ ఒక్క పాత్ర చాలు.

ఆయన వేసిన పెద్ద పాత్రలను వరసగా చెప్పుకుంటూ పోతే ఒక సంగతి తేలుతుంది. పోతన రాజాశ్రయం వద్దన్నాడు. 1946లో నాగయ్యే నిర్మించి, దర్శకత్వం వహించి, నటించిన ‘త్యాగయ్య’లో కథానాయకుడు తంజావూరు రాజు పంపిన కానుకలు తిప్పి పంపాడు. 1947 నాటి ‘యోగి వేమన’ ఉన్నదంతా వదిలి నడిచిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత, 1964లో, తానే నిర్మాతా దర్శకుడూ అయి తీసిన ‘రామదాసు’లో కంచెర్ల గోపన్న సర్కారుకు కట్టవలసిన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఈ నాలుగు కథలూ సొమ్ము చుట్టూ తిరిగేవే. సొమ్ము వద్దన్నవాళ్ల, ఉన్న సొమ్ము విడిచిపెట్టినవాళ్ల పాత్రలు వేసిన మనిషి దక్షిణాదిన ఒక చిత్రానికి లక్ష రూపాయలు తీసుకున్న మొదటి నటుడని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. తులం బంగారం వంద రూపాయలకు అటూ ఇటూగా ఉన్న రోజుల లక్ష అది.

ఆ లక్షలు ఏమయ్యాయో తెలుగువాళ్లందరికీ తెలుసు. మద్రాసులో ఆయన ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. సినిమాల్లో వేషం కోసం రైలెక్కి వచ్చిన కుర్రవాడికి ముందు అన్నం పెట్టేవారు, తర్వాతే పేరు అడిగేవారు. అడిగినవాడికి లేదనలేకపోయాడు. సొంత చిత్రాలు దెబ్బతీశాయి. ‘రామదాసు’ పూర్తికావడానికి ఏళ్లు పట్టింది, అప్పులు మిగిలాయి. 1965లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆయన చిన్న చిన్న తండ్రి వేషాలకు, దొరికిన కాడికి ఒప్పుకునే స్థితిలో ఉన్నాడు. కోదాడ దగ్గరి గుడిబండ నుంచి వెళ్లిన మన కాంతారావు కథా అంతే. కత్తి పట్టి జానపద చిత్రాలను మోసినవాడు ఊళ్లో పొలాలు అమ్మి సొంత సినిమాలు తీశాడు, పోగొట్టుకున్నాడు. నటి సావిత్రి సంగతి మళ్లీ చెప్పనక్కరలేదు.

ఇలాంటి కథలు విన్నప్పుడు మనం అయ్యో అనేసి ఊరుకుంటాం. జాగ్రత్త పడి ఉండవలసిందని ఒక మాట అంటాం. నాకు ఆ రెండూ చాలవనిపిస్తుంది. నాగయ్య ఇచ్చిన చెయ్యి గొప్పదే, నేను దానికి దండం పెడతాను. అయితే తారల సంపాదన గురించి వాళ్లు దాన్ని ఎలా ఖర్చు పెట్టారన్న దగ్గరే మన ఆలోచన ఆగిపోతోంది. ఆ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి దగ్గర తగ్గి అక్కడ పెరిగింది? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

ఈ మధ్య ఈ ప్రశ్నను గట్టిగా అడిగిన దేశం చైనా. ఫాన్ బింగ్‌బింగ్ అక్కడి పెద్ద తార. ఫోర్బ్స్ చైనా ప్రముఖుల జాబితాలో వరసగా కొన్నేళ్లు మొదటి స్థానం ఆమెదే. 2018లో ఒక టీవీ వ్యాఖ్యాత కొన్ని ఒప్పంద పత్రాలు బయటపెట్టాడు. ఒకే పనికి రెండు ఒప్పందాలు రాసుకుంటారు, చిన్న అంకె ఉన్నది పన్నుల శాఖకు, అసలు అంకె ఉన్నది బీరువాలోకి. మన దగ్గర తెలుపు నలుపు అంటామే, అదే. ఆమె కొన్ని నెలలు ఎవరికీ కనిపించలేదు. అక్టోబరులో పన్ను, జరిమానా కలిపి 88 కోట్ల యువాన్లకు పైగా కట్టాలని తేల్చారు, ఆమె క్షమాపణ చెప్పింది. 2021లో జెంగ్ షువాంగ్ అనే మరో నటి ఒక సీరియల్‌లో 77 రోజుల పనికి 16 కోట్ల యువాన్లకు ఒప్పుకుందన్న సంగతి బయటికి పొక్కింది. అంటే రోజుకు 20 లక్షల యువాన్లకు పైమాటే. అక్కడి జనం ఆమె రోజు కూలినే ఒక కొలతగా పెట్టుకుని తమ జీతాలు లెక్కేసుకున్నారు. ఎన్ని జన్మలు పనిచేస్తే ఆమె ఒక్క రోజుకు సమానమవుతుందో కాగితం మీద చూసుకున్నారు. ఆమెకు 29.9 కోట్ల యువాన్ల జరిమానా పడింది.

నటీనటులందరి పారితోషికం మొత్తం నిర్మాణ వ్యయంలో 40 శాతం దాటకూడదని, అందులోనూ ముఖ్య నటుల వాటా నటుల ఖర్చులో 70 శాతం మించకూడదని 2018లో అక్కడి ప్రభుత్వ శాఖలు మరోసారి గట్టిగా చెప్పాయి. సర్కారు ఇలా గీత గీయడం నాకు నచ్చదు. ఎవడి పాట ఎంత పలకాలో అధికారి చెప్పే దేశంలో రేపు ఏ పాట పాడాలో కూడా అధికారే చెబుతాడు, చైనాలో చెబుతున్నాడు కూడా. ఆ పద్ధతి మనకు వద్దు. కానీ ఆ లెక్క వల్ల ఒక మేలు జరిగింది. సినిమా ఖర్చంటే సెట్లు, లైట్లు, కెమెరాలే కాదని, అందులో పెద్ద ముద్ద ఒకరిద్దరి ఇంటికి పోతుందని అందరికీ తెలిసింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1992లో ‘ఆపద్బాంధవుడు’కు చిరంజీవి కోటీ పాతిక లక్షలు తీసుకున్నాడని విని దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఇవాళ పెద్ద హీరోల పారితోషికం వంద కోట్లు దాటిందని పత్రికలు మామూలు వార్తలాగే రాస్తున్నాయి. మరోవైపు 2025 ఆగస్టులో లైట్లు మోసేవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, డ్రైవర్లు కూలి 30 శాతం పెంచమని రెండు వారాలకు పైగా షూటింగులు ఆపారు. చివరికి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం ఒప్పించుకోగలిగారు. కూలి పెంచితే పరిశ్రమ మునిగిపోతుందన్న మాట ఆ రోజుల్లో చాలాసార్లు వినిపించింది. పారితోషికాల ఊసు మాత్రం అంత గట్టిగా ఎవరూ ఎత్తలేదు.

టికెట్ సంగతి చూడండి. 2021 డిసెంబరులో మన తెలంగాణ రాష్ట్రం ఇచ్చిన జీవో ప్రకారం మామూలు ఏసీ థియేటర్లో టికెట్ 150 రూపాయలు, మల్టీప్లెక్సులో 250 దాటకూడదు, పైన జీఎస్టీ. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ బెనిఫిట్ షోకు ఆ ధర మీద ఇంకో 800 రూపాయలు పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే మన మండలంలో ఎండలో గుంత తవ్విన మనిషికి రెండున్నర రోజుల కూలి కంటే ఎక్కువ, అదీ పెంపు మాత్రమే, టికెట్ అసలు ధర వేరు. ఆ రాత్రి హైదరాబాదులో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు ప్రాణాల మీదికి వచ్చింది. ఇకపై పెంపులు, బెనిఫిట్ షోలు ఉండవని శాసనసభలోనే ప్రకటించారు. తర్వాత మళ్లీ పెద్ద సినిమాలకు జీవోలు వచ్చాయి, కొన్నిటి మీద జనం హైకోర్టు దాకా వెళ్లారు.

ఆ 800లో చాయ్ హోటల్లో గ్లాసులు కడిగే పిల్లవాడి డబ్బు ఉంది, హాస్టల్లో చదివే కుర్రాడికి తల్లి పంపిన డబ్బు ఉంది. ఎవరూ బలవంతం చేయలేదు, ఇష్టపడే ఇచ్చారు, నిజమే. అభిమానం తప్పని నేను అనను, నాకూ ఉంది. కానీ ధర పెంచుకోనిచ్చింది ప్రభుత్వం. ప్రజల పేరున ఇచ్చే అనుమతి కాబట్టి లెక్క అడిగే హక్కు ప్రజలకు ఉంది.

సంపదకు లెక్క అడగడం, లెక్క కట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1990ల నడుమ పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత స్త్రీలు, బీడు భూములు సాగులోకి తెచ్చి, పండిన జొన్నలు ఊళ్లోనే నిలవ చేసి, లేనివాళ్లకు తక్కువ ధరకు ఇచ్చే పని మొదలుపెట్టారు. ఎవరు లేనివాళ్లో తేల్చడానికి ఏ కార్డూ చూడలేదు. ఊరి నడుమ నేల మీద రంగు ముగ్గులతో ఊరంతా గీశారు, గల్లీలు, ఇళ్లు, అన్నీ. ఊరి జనమంతా చుట్టూ కూర్చున్నారు. ఒక్కో ఇంటి దగ్గర ఆగి అందరి ముందూ మాట్లాడుకున్నారు. భూమి ఉందా, ఉంటే పండేదేనా? ఎడ్లు ఉన్నాయా? ఇంట్లో ఎంతమంది కూలికి పోతున్నారు? పిల్లలు బడికి పోతున్నారా, పనికి పోతున్నారా? ఇలా ఇళ్లను అయిదు అంతస్తులుగా పంచారు. ఎంత కింద ఉంటే అంత ఎక్కువ జొన్నలు. నాలుగెకరాల బీడు ఉన్నవాడు పేదవాడని తేలిన ఇళ్లూ ఉన్నాయి. దాచడానికి ఎవరికీ వీల్లేదు, పక్కింటివాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు. ఫోర్బ్స్ జాబితా ఒక మనిషి దగ్గర ఎంత ఉందో చెబుతుంది. ఆ ముగ్గు ఒక ఇల్లు ఎన్ని నెలలు తినగలదో చెప్పింది. నేనైతే సంపదను కొలవడానికి రెండోదాన్నే ఎంచుకుంటాను.

మన మండలంలోని హుమ్నాపూర్ లక్ష్మమ్మను మీలో చాలామంది ఎరుగుదురు. ఈత బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి, మూత మీద మట్టి మెత్తి ఆమె దాచిన విత్తనాల పేర్లు చెప్పాలంటే పూట పడుతుంది. ఆమె విత్తనం అమ్మదు, ఇస్తుంది. తీసుకున్నవాళ్లు పంట చేతికొచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు, అది మళ్లీ ఇంకొకరికి పోతుంది. నాగయ్య దానం ఆయనతో ఆగిపోయింది, ఎందుకంటే పుచ్చుకున్నవాళ్లు తిరిగి తేవాలన్న కట్టుబాటు మద్రాసులో లేదు. ఇక్కడ ఉంది. 2019లో ఈ సంఘాల స్త్రీలకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చినప్పుడు మనలో ఎంతమంది పటాకులు కాల్చామో గుర్తు చేసుకోండి.

తారల దానం మాటకు మళ్లీ వస్తే, హాంకాంగ్ నటుడు చౌ యున్ ఫాట్ తన ఆస్తి దాదాపు అంతా, 560 కోట్ల హాంకాంగ్ డాలర్లు, దానమిస్తానన్నాడు. తనకు రోజుకు రెండు గిన్నెల అన్నం చాలని 2023లో బుసాన్‌లో చెప్పాడు. వినడానికి హాయిగా ఉంది. కానీ ఒక ధనికుడి మంచి మనసు మీద ఆధారపడటం ఊరికి భద్రత కాదు. ఈ మాట ‘నిమ్జ్’ అనే పారిశ్రామిక మండలి కోసం మన న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల పైచిలుకు ఎకరాలు సేకరించాలని పూనుకున్నప్పటి నుంచి మీకు నాకంటే బాగా తెలుసు. చెక్కు వచ్చిన ఇళ్లలో ఆ డబ్బు ఎన్నాళ్లు నిలిచిందో, వానలు లేకున్నా మంచుకు పండే శెనగా కుసుమా జొన్నా వేసుకునే నల్లరేగడి ఎన్ని తరాలు నిలిచిందో ఇక్కడి ముసలివాళ్లను అడగవచ్చు.

నా మాట చివరికి వచ్చాను. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ల మీద జీవో 13 ఇస్తూ, హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికం తీసేసిన తర్వాత ఖర్చు 100 కోట్లు దాటిన సినిమాకే ధర పెంచుకునే వీలు ఇచ్చింది. పారితోషికాన్ని విడదీసి చూడటం ప్రభుత్వాలకు చేతనవుతుందని దీంతో రుజువైంది. మన రాష్ట్రంలోనూ టికెట్ పెంపు అడిగే ప్రతి నిర్మాతా ముఖ్య నటులకు ఎంత ఇచ్చాడో, రోజు కూలీలకు ఎంత ఇచ్చాడో దరఖాస్తుతో పాటే ప్రజల ముందు పెట్టాలని మన గ్రామసభలు తీర్మానం చేసి పంపాలి. సంక్రాంతికి మన సంఘాలు జరిపే పాత పంటల జాతర బండ్లు కదిలేలోగా న్యాల్‌కల్ నుంచే మొదటి తీర్మానం వెళ్లాలని మిమ్మల్ని కోరుతున్నాను.