నబీ సాలెహ్ ఆడపిల్ల

మనం ఆ చెంపదెబ్బ గురించే చెప్పుకుంటాం గానీ అసలు తగవు నీళ్లది. వెస్ట్ బ్యాంకులో నబీ సాలెహ్ అనే చిన్న ఊరు. వాళ్ల ఊటను పక్క సెటిల్‌మెంటు వాళ్లు ఆక్రమించుకున్నారు. 2009 డిసెంబరు నుంచి ఏళ్ల తరబడి ప్రతి శుక్రవారం ఊరివాళ్లు ఊరేగింపు తీశారు. అహెద్ తమీమీ అందులోనే పెరిగింది.

2017 డిసెంబరు 15న సైనికుల రబ్బరు తూటా చుట్టాల పిల్లవాడి తలకు తగిలింది. వాడికి పదిహేనేళ్లు. ఆ రోజే తన ఇంటి ముంగిట నిలబడ్డ సైనికుణ్ణి ఈ పదహారేళ్ల పిల్ల కొట్టింది. మిలిటరీ కోర్టు 8 నెలల శిక్ష వేసింది. సెటిల్‌మెంటు పిల్లయితే మామూలు కోర్టుకే వెళ్లేది. నేల ఒకటే, చట్టాలు రెండు!

బడి ఆఖరి పరీక్ష జైల్లోనే రాసింది. మన ఇళ్లల్లో పరీక్షలంటే తల్లి చాయ్ కాచి పక్కనే కూర్చుంటుంది. ఆమె తల్లి నరీమాన్‌కూ 8 నెలల జైలే. ఇద్దరూ 2018 జూలై 29న కలిసే బయటికొచ్చారు.