ఆంగ్లక్రియకు వర్తమానరూపములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఆంగ్లమున తప్పి చదువు చాలించిన పిల్లవాడు లేని గ్రామము అరుదు. బుద్ధి చాలలేదని పెద్దలు తలపోయుదురు. పెక్కుమారులు దోషము బుద్ధిది కాదు, మొదటి పాఠమున చెప్పిన అర్థమునది.

'హి రైట్స్' అనగా 'అతడు వ్రాయుచున్నాడు' అని కొందరు నేర్పుదురు. ఇది సరికాదు. ఇప్పుడు కలము కదలుచున్నచో 'హి ఈజ్ రైటింగ్' అనవలెను. 'హి రైట్స్' అనగా వ్రాయుట అతనికి అలవాటు. దీనికి సరియగు తెలుగు 'అతడు వ్రాయును'. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున వర్తమానమును, తద్ధర్మమును వేరుపరచియే యున్నాడు. 'సూర్యుడు తూర్పున ఉదయించును' అనునది తద్ధర్మము. ఈ భేదము తెలిసినవానికి ఆంగ్లమున సగము చిక్కు విడిపోవును.

తెలుగుక్రియ కర్తను తన చివరనే మోయును. వ్రాయుదును అన్నచో నేను, వ్రాయుదువు అన్నచో నీవు. ఆంగ్లమున ఐ రైట్, యు రైట్, వుయ్ రైట్, దే రైట్, అన్నింటను క్రియ యొక్కటే. కావున కర్తను విడువరాదు. హి, షి, ఇట్ అను ప్రథమపురుషైకవచనమునకు మాత్రము చివర సకారము చేరును. ప్రశ్నయందును, నిషేధమందును ఆ సకారము సహాయక్రియకు పోవును: 'డజ్ హి రైట్?', 'హి డజ్ నాట్ రైట్'. ఇచట మరల 'రైట్స్' అనుట ఒకే పద్దును చిట్టాలో రెండుమారులు వేయుట వంటిది.

'హి హాజ్ రిటెన్' అనగా వ్రాసియున్నాడు. పని ముగిసినది, ఫలము ఎదుట నున్నది. ఇక 'ఉదయమునుండి వ్రాయుచున్నాడు' అనుటకు తెలుగున వర్తమానమే చాలును. ఆంగ్లమున 'హి హాజ్ బీన్ రైటింగ్' అనవలెను. తెలుగువాడు మిక్కిలి జాగ్రత్తపడవలసిన తావు ఇదియే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఆంగ్లేయుడై యుండియు తెలుగు నేర్చి, 1840లో తెలుగునకు ఆంగ్లమున వ్యాకరణము ప్రకటించెను. ఆయనకు సాధ్యమైన శ్రమ మన పిల్లలకు అసాధ్యము కాదు. ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ గ్రంథాలయపు బల్లపై రెండు వ్యాకరణములను ప్రక్కప్రక్కన నుంచి, సాయంకాలము ఒక్క గడియ పిల్లలను కూర్చుండబెట్టుడు. తల్లిభాష నడక తెలిసినవానికి పరభాష పగ కాదు.

స్వస్తి.